జుట్టు మార్పిడి ఎబ్బెట్టుగా ఉందా? సరిదిద్దే దారి ఇదీ

షాదీ తొందరలో జుట్టు నాటించుకుంటే ఒక్కోసారి నుదుటి దగ్గర బొమ్మ జుట్టులా కుచ్చులు కుచ్చులుగా కనిపిస్తుంది. కంగారు పడొద్దు. నాటిన వెంట్రుకలు మొదట రాలి, మళ్లీ మొలుస్తాయి. అసలు ఫలితం తెలియడానికి దాదాపు ఏడాది పడుతుంది.

సహజంగా నుదుటి అంచున వెంట్రుకలు ఒక్కొక్కటిగా, ఎగుడుదిగుడుగా ఉంటాయి. అక్కడ గుత్తులు నాటినా, గీత గీసినట్టు పెట్టినా, వాలు తప్పినా తేడా కొడుతుంది.

రిపేరులో ఆ గుత్తుల్ని కుదుళ్లతో తీసి వేరేచోట నాటుతారు. లేదా వాటి ముందు ఒంటి వెంట్రుకలు నాటి కప్పేస్తారు. లేజర్‌తో కాల్చేస్తే మాత్రం ఆ వెంట్రుక ఇక పనికిరాదు. తల వెనక జుట్టే పెట్టుబడి. కుదురు తీసినచోట మళ్లీ మొలవదు. అందుకే అక్కడ ఎంత మిగిలిందో చూపించుకున్నాకే రెండో ఆపరేషన్‌కు ఒప్పుకోవాలి.

చేసేదెవరన్నది కూడా అడగాలి. యూట్యూబ్ చూసి నేర్చుకున్నది శిక్షణ కిందికి రాదని జాతీయ వైద్య కమిషన్ 2022లో తేల్చిచెప్పింది. చర్మవైద్య నిపుణులు లేదా ప్లాస్టిక్ సర్జన్ దగ్గరికే వెళ్లాలి.

బిల్లులు, ముందూ వెనకా ఫొటోలు దాచుకోవాలి. నష్టపరిహారానికి రెండేళ్లలోపు జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు చేయొచ్చు. ఆపరేషన్ హైదరాబాద్‌లో జరిగినా, 2019 చట్టం ప్రకారం పల్నాడు వాసులు తాము ఉండే చోటి పరిధిలోనే కేసు వేయొచ్చు. సలహాకు హెల్ప్‌లైన్ 1915.