ఇంటి నడుమ పూలకుండ: 2000 ఏళ్ల కథ

మన ఆడవాళ్లు తలలో పూలు పెట్టుకుంటారు. దేవుడి పటానికి దండ వేస్తారు. పండగ వస్తే గుమ్మానికి తోరణం కడతారు. ఇవన్నీ మనవే అని అందరూ ఒప్పుకుంటారు. కానీ పూలను నీళ్లున్న పాత్రలో అమర్చి ఇంటి నడుమ బల్ల మీద పెడితే మాత్రం, ఇది తెల్లదొరలు నేర్పిన అలవాటు, సినిమాల్లో చూసి నేర్చుకున్నది అంటారు. ఉగాది ఏర్పాట్ల గురించి మా తరగతిలో మాట్లాడుకున్నప్పుడు కూడా ఈ మాట వచ్చింది. చరిత్ర చూస్తే ఈ మాట నిలబడదు. కుండలో పూలు పెట్టడం మన తెలుగు నేల మీద రెండు వేల ఏళ్ల కిందటే ఉండింది. దానికి సాక్ష్యం రాతి మీదనే ఉంది.

ఆ రాయి అమరావతిది. కృష్ణా నది ఒడ్డున అమరావతిలో గొప్ప బౌద్ధ స్తూపం ఉండేది. శాతవాహనుల కాలంలో దాని చుట్టూ పల్నాటి సున్నపురాయి మీద ఎన్నో బొమ్మలు చెక్కారు. వాటిల్లో మళ్లీ మళ్లీ కనబడేది పూర్ణఘటం. పూర్ణఘటం అంటే నిండు కుండ. కుండ పొట్ట గుండ్రంగా ఉంటుంది. దాని మూతి నుంచి తామర పూలు, మొగ్గలు, ఆకులు పైకి లేచి రెండు పక్కలకీ ఒంగి ఉంటాయి. కొన్ని పూలు పూర్తిగా విచ్చుకుని ఉంటాయి, కొన్ని ఇంకా ముడుచుకునే ఉంటాయి. ఇవాళ పూల అమరిక నేర్పేవాళ్లు కూడా పెద్ద పువ్వు, చిన్న పువ్వు, మొగ్గ, ఆకు అన్నీ కలిపి పెట్టాలనే చెప్తారు. ఆ శిల్పి దాన్ని అప్పుడే రాతిలో చేసి చూపించాడు. భర్హుత్, సాంచి స్తూపాల దగ్గర కూడా ఇట్లాంటి నిండు కుండలు ఉన్నాయి. కాబట్టి ఇది ఒక్క ఊరి ముచ్చట కాదు, దేశమంతా తెలిసిన గుర్తు. నిండుదనానికి, ప్రాణానికి, శుభానికి అది గుర్తు.

ఆ రాళ్ల కథ కూడా చెప్పాలి. 18వ శతాబ్దం చివర్లో వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు అమరావతిని తన రాజధాని చేసుకున్నప్పుడు ఆ దిబ్బ నుంచి రాళ్లు తీసి కట్టడాలకు వాడారు. ఆ సమయంలోనే కాలిన్ మెకంజీ అక్కడికి వచ్చి చూశాడు. తర్వాత 1816, 1817లో తన మనుషులతో ఆ రాళ్ల బొమ్మలు గీయించాడు. 1845లో వాల్టర్ ఇలియట్ తవ్వించి చాలా రాళ్లు మద్రాసుకు పంపాడు. వాటిల్లో ఎన్నో 1859లో ఓడలో లండన్‌కు పోయాయి. అవి ఇప్పుడు బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నాయి. మిగిలినవాటిల్లో చాలా భాగం చెన్నై ఎగ్మూరు మ్యూజియంలో ఉంది. అంటే తమిళనాడులో చదివే మనలాంటి పిల్లలు అమరావతి పూలకుండను చూడాలంటే ఆంధ్రాకు పోవాల్సిన పని లేదు. అది కూడా మనలాగే ఇక్కడికి వచ్చి ఉంది. 2018లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఈ పూర్ణఘటాన్నే తన రాజముద్రలో పెట్టుకుంది.

మరి ఆ కుండ మన ఇళ్లల్లో నుంచి ఎప్పుడు పోయింది? పోలేదని నాకు అనిపిస్తుంది. ఉగాది నాడు, వ్రతం నాడు, పెళ్లి నాడు మనం కలశం పెడతాం. చెంబులో నీళ్లు పోస్తాం, మూతి చుట్టూ మామిడాకులు పెడతాం, నడుమ టెంకాయ ఉంచుతాం. తామర పూలు ఉండే చోట మామిడాకులు, టెంకాయ ఉన్నాయి. అంతే తేడా. పెద్దవాళ్లు వస్తే పూర్ణకుంభంతో ఎదురుపోయి పిలుస్తాం. దేవుడి గదిలో పెట్టినప్పుడు కలశం అంటాం, బల్ల మీద పెడితే పరాయిది అంటాం. రెండింట్లోనూ ఉండేది నీళ్లు, ఆకులు, పూలే కదా!

వసంత కాలానికి మన రాజులు ఇచ్చిన గౌరవం కూడా తక్కువ కాదు. కొండవీటిని ఏలిన కుమారగిరి రెడ్డికి (1386–1402) వసంతరాయలు అని బిరుదు. ఆయన ఏటేటా వసంతోత్సవం జరిపించేవాడు. దానికి కావలసిన కర్పూరం, కస్తూరి, గంధం లాంటి సుగంధ ద్రవ్యాలను అవచి తిప్పయ్య సెట్టి అనే వర్తకుడు సముద్రం అవతలి దేశాల నుంచి తెప్పించి ఇచ్చేవాడు. శ్రీనాథుడు తన హరవిలాసం కావ్యాన్ని ఈ తిప్పయ్య సెట్టికే అంకితం ఇచ్చాడు. ఒక పండగ కోసం ఓడలు నడిచాయంటే, వసంతం వాళ్లకు ఎంత ముఖ్యమో తెలుస్తుంది.

తర్వాత విజయనగరం. 1443లో పారశీక రాయబారి అబ్దుర్ రజాక్ ఆ నగరానికి వచ్చాడు. అక్కడ ఎటు చూసినా రోజా పూలు అమ్ముతుండటం చూసి ఆశ్చర్యపోయాడు. ఈ జనానికి తిండి ఎంత అవసరమో రోజాలు కూడా అంత అవసరం అన్న అర్థంలో రాశాడు. కృష్ణదేవరాయల కాలంలో వచ్చిన పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పేస్, రాజభవనంలో ఒక గది గోడలు, స్తంభాలు ఏనుగు దంతంతో చేసినవని, వాటి మీద రోజాలు, తామరలు చెక్కి ఉన్నాయని రాశాడు. అమరావతి తామర పక్కకు రోజా కూడా వచ్చి చేరిందన్న మాట. మా హోసూరు ప్రాంతం కూడా ఆ విజయనగరం ఏలుబడిలోనే ఉండింది.

మాకు దగ్గర్లో ఇంకా బతికి ఉన్న ఆచారం బెంగుళూరు కరగ. చైత్ర పౌర్ణమి రాత్రి ధర్మరాయస్వామి గుడి నుంచి కరగ బయలుదేరుతుంది. తిగళ కులానికి చెందిన ఒక మగాయన ఆడ వేషంలో, గోపురం లాగా మల్లెపూలతో కట్టిన కరగను నెత్తి మీద పెట్టుకుని, చేత్తో పట్టుకోకుండా నడుస్తాడు. అది ద్రౌపదమ్మ పండగ. దారిలో తవక్కల్ మస్తాన్ దర్గా దగ్గర కూడా ఆగుతుంది. తిగళవాళ్లు తరతరాలుగా తోట పని చేసేవాళ్లు. పూలు పండించేవాళ్లే వసంతంలో పూలను నెత్తిన పెట్టుకుని ఊరంతా తిరుగుతారు. ఇక్కడ కూడా కరగ అంటే కుండే.

అయితే దొరలు ఏమీ తేలేదని చెప్పడం న్యాయం కాదు. బెంగుళూరు లాల్‌బాగ్‌ను 1760లో హైదర్ అలీ మొదలుపెట్టాడు, ఆయన కొడుకు టిప్పు సుల్తాన్ పెంచాడు. ఆ తర్వాత ఇంగ్లీషువాళ్ల చేతిలో అది పెద్ద బొటానికల్ గార్డెన్ అయింది. 1889లో అక్కడ గాజు మేడకు పునాది వేశారు. ఇప్పటికీ జనవరి 26, ఆగస్టు 15 సమయాల్లో పూల ప్రదర్శనలు అందులోనే జరుగుతాయి. దొరల ఇళ్లల్లో భోజనాల బల్ల నడుమ పూలు అమర్చడం మర్యాద. పొడుగు కాడతో పువ్వు కోయడం, గాజు జాడీలో పెట్టడం, చేతికి బొకే ఇవ్వడం, ఇవి వాళ్లతో బాగా వ్యాపించాయి. మనం పువ్వును కాడ లేకుండా కోసి దారంతో కడతాం. వాళ్లు కాడతో కోసి నీళ్లల్లో పెడతారు. అయితే అమరావతి తామరలకు కూడా కాడలు ఉన్నాయని మరిచిపోకూడదు.

ఈ పొడుగు కాడ వల్లనే మా ప్రాంతం బతుకు మారిపోయింది. హోసూరు సుమారు 900 మీటర్ల ఎత్తున ఉంది కాబట్టి ఎండాకాలంలో కూడా వాతావరణం అంత వేడిగా ఉండదు. అది రోజాలకు బాగా పనికొస్తుంది. ఇక్కడ పాలీహౌస్‌లలో తాజ్ మహల్ అనే ఎర్ర రోజాను పండించి, ఫిబ్రవరి 14కి ముందు విదేశాలకు పంపిస్తారు. మా నాయన కూడా అర ఎకరా పాలీహౌస్‌లో రోజాలు పండిస్తాడు. తెల్లారేలోపు మొగ్గగా ఉన్నప్పుడే కోసి, వెంటనే నీళ్ల బకెట్లో పెట్టాలి. కాడ పొడుగును బట్టి వేరు చేసి, 20 పూలకు ఒక కట్ట కడతారు. కాడ ఎంత పొడుగుంటే ధర అంత ఎక్కువ. కానీ మా ఇంట్లో టీవీ మీద ఉండేది ప్లాస్టిక్ రోజాలు. మా ఊళ్లో చాలా ఇళ్లల్లో ఇంతే. నిజం పువ్వు అమ్మడానికి, ప్లాస్టిక్ పువ్వు ఇంటికి.

2020లో ఉగాది మార్చి 25న వచ్చింది. దేశమంతా లాక్‌డౌన్ మొదలైంది కూడా ఆ రోజే. అప్పుడు నేను చిన్నదాన్ని, కానీ బాగా జ్ఞాపకం ఉంది. లారీలు ఆగిపోయాయి, గుళ్లు మూశారు, పెళ్లిళ్లు నిలిచిపోయాయి. పువ్వు మాత్రం ఆగదు కదా. కోయకపోతే చెట్టు పాడవుతుంది. అందుకని రోజూ కోసి రోజూ గట్టు మీద పారబోసేవాళ్లు. మా నాయన ఆ కుప్ప వైపు చూసేవాడు కాదు. రెండో రోజో మూడో రోజో మా అవ్వ పోయి ఒడి నిండా రోజాలు ఏరుకొచ్చింది. ఇంట్లో ఉన్న చెంబులు, బిందెలు, ఊరగాయ జాడీ కూడా కడిగి నీళ్లు పోసి పూలు పెట్టింది. నడవ మధ్యలో ఇత్తడి బిందె పెట్టింది. మా నాయన చూసి, "ఎందుకు మా ఇదంతా, ఎవరు వస్తారు చూసేదానికి?" అన్నాడు. "ఎవరో రావల్లనా? పండించినోడివి, నువ్వు చూడు" అన్నది అవ్వ. ఆయన ఏమీ అనలేదు. అన్నం మాత్రం ఆ పొద్దు ఆ బిందె పక్కనే కూర్చుని తిన్నాడు.

ఆ ఏడాది నష్టం తీరడానికి మాకు చాలా కాలం పట్టింది. పూలు అప్పు తీర్చలేదు. కానీ అప్పటి నుంచి మా ఇంట్లో ప్లాస్టిక్ పూలు లేవు. మార్కెట్‌కు పనికిరాని పొట్టి కాడల పూలు రోజూ నాలుగైదు ఇంట్లోనే ఉంటాయి.

ఇప్పుడు పెళ్లి మండపాల్లో పూల అమరిక పెద్ద వ్యాపారం. అక్కడ పూలు గుచ్చడానికి ఒక ఆకుపచ్చ ఫోమ్ దిమ్మ వాడతారు. దీన్ని 1954లో అమెరికాలో వెర్నన్ స్మిథర్స్ అనే ఆయన తయారుచేశాడు. నీళ్లు పీల్చుకుంటుంది, కాడను కదలకుండా పట్టుకుంటుంది. కానీ అది ఒక రకమైన ప్లాస్టిక్. మట్టిలో కలవదు, పొడిపొడిగా రాలి నీళ్లల్లో కలుస్తుంది. ఆ పనిని మన పెద్దవాళ్లు అరటి బోదెతో చేసేవాళ్లు. గెల కొట్టేసిన తర్వాత బోదెను జానెడు ముక్కగా కోస్తే దాని లోపలే కావలసినంత తడి ఉంటుంది. కాడను ఏటవాలుగా కోసి గుచ్చితే గట్టిగా నిలబడుతుంది. పండగ అయిపోయాక ఆవుకు వేయవచ్చు, లేకపోతే ఎరువు గుంతలో వేయవచ్చు.

ఉగాదికి మేము ఇంట్లో చేసే పూలకుండ ఇట్లా ఉంటుంది. వెడల్పు మూతి ఉన్న మట్టి కుండ గానీ ఇత్తడి చెంబు గానీ తీసుకుంటాం. మూడు వంతులు నీళ్లు పోస్తాం. మొదట మామిడి చిగుర్లు చుట్టూ పెడతాం, అవి కొంచెం బయటికి వాలాలి. నడుమ వేపపూత ఉన్న రెమ్మలు నిలబెడతాం. తర్వాత రోజాలు, కొన్ని విచ్చినవి, కొన్ని మొగ్గలు. చివర్లో ఖాళీల్లో బంతిపూలు. నీళ్లల్లో మునిగే ఆకులన్నీ ముందే తుంచేయాలి, లేకపోతే కుళ్లి వాసన వస్తుంది. రోజూ నీళ్లు మార్చాలి, కాడ చివర కొంచెం కోయాలి. వేపపూత ఆ సాయంత్రానికే రాలిపోతుంది. రాలిన పూతను అవ్వ ఊడ్చనివ్వదు. అది పండగ గుర్తు అంటుంది. అరచేతి ఎత్తు కంటే పెద్దగా చేయకపోతే మంచిది, ఎందుకంటే చుట్టూ కూర్చున్నవాళ్ల మొహాలు ఒకరికొకరికి కనబడాలి.

మన బడిలో ఏ సభ జరిగినా వేదిక బల్ల మీద పూలు పెడతాం. ఈ ఉగాదికి అక్కడ అద్దె ప్లాస్టిక్ పూలకు బదులు ఒక మట్టి కుండ పెడదామని గురువులను, తల్లిదండ్రులను అడుగుతున్నాను. మా తరగతిలో రోజాలు, బంతి పండించే ఇళ్ల పిల్లలు చాలామంది ఉన్నారు. ఇంటికి రెండు పూలు తెచ్చినా కుండ నిండుతుంది. మామిడి చిగుర్లు బడి వెనక చెట్టు నుంచే దొరుకుతాయి. దాని పక్కన ఒక చిన్న అట్ట మీద అమరావతి పూర్ణఘటం బొమ్మ గీసి పెట్టే పని నేను చూసుకుంటాను. ఇది ఎక్కడి అలవాటు అని ఎవరన్నా అడిగితే ఆ బొమ్మ చూపిద్దాం.