ఏడ్చే బిడ్డను ఎత్తుకోవచ్చా?



పసిబిడ్డ గుక్కపెట్టి ఏడుస్తుంది. "ఎత్తుకోవమ్మా, పాపం!" అంటారు అత్తగారు. "ఊరికే ఎత్తుకుంటే చంక దిగదు, జాగ్రత్త!" అంటుంది పక్కింటావిడ. మధ్యన తల్లికి ఏమీ పాలుపోదు. ఇది మన ఇళ్లలోని తగవే అనుకుంటాం. కాని ఇరవయ్యో శతాబ్దంలో పెద్ద పెద్ద డాక్టర్లూ, శాస్త్రజ్ఞులూ కూడా దీని మీద ఒకరితో ఒకరు పొసగని మాటలే చెప్పారు.

న్యూజిలాండులో ట్రూబీ కింగ్ అనే డాక్టరుగారు పసిపిల్లల ప్రాణాలు కాపాడాలని 1907లో ఒక సంఘం స్థాపించారు. శుభ్రంగా ఉండండి, తల్లిపాలే పట్టండి అన్నారు. మంచి మాటలే. అయితే పాలు మాత్రం నాలుగు గంటలకోసారి, గడియారం చూసి ఇవ్వాలన్నారు. అడగందే అమ్మయినా పెట్టదంటారు మనవాళ్లు. పసివాడు అడగడమంటే ఏడవడమే కదా! ఈయన అడిగినా పెట్టవద్దన్నారన్నమాట.

అమెరికాలో జాన్ వాట్సన్ అనే మనస్తత్వ శాస్త్రజ్ఞుడు ఇంకొంచెం ముందుకు వెళ్లాడు. పిల్లల్ని ముద్దాడకండి, ఒళ్లో కూర్చోబెట్టుకోకండి, పొద్దున లేవగానే కరచాలనం చేస్తే చాలు అని 1928లో పుస్తకం రాశాడు. తమాషా ఏమిటంటే, రెండేళ్లకు ఆయన భార్య రోజలీ ఒక పత్రికలో తన గోడు వెళ్లబోసుకుంది. కొన్ని విషయాల్లో ఆ శాస్త్రానికి తలవంచినా, మరికొన్నింటిలో తన మనసు ఎదురు తిరుగుతోందని రాసింది. తల్లి మనసు మరి!

1946లో బెంజమిన్ స్పాక్ అనే పిల్లల డాక్టరు వచ్చి, తల్లులారా, మిమ్మల్ని మీరు నమ్ముకోండి అన్నాడు. 1958లో హారీ హార్లో అనే ఆయన కోతిపిల్లల మీద తాను చేసిన ప్రయోగాలను వివరించాడు. తల్లినుంచి వేరుచేసిన కోతిపిల్లల దగ్గర రెండు బొమ్మ తల్లుల్ని పెట్టాడు. పాలసీసా ఉన్న తీగబొమ్మ దగ్గరికి అవి ఆకలికి మాత్రమే వెళ్లేవి. మిగతా పొద్దంతా మెత్తటి గుడ్డబొమ్మనే కరుచుకుని ఉండేవి. ప్రయోగం క్రూరమైనదే. అయినా బిడ్డకు పాలెంతో ఒడీ అంతేనని తేలింది.

అయితే పుస్తకాలన్నీ కట్టగట్టి అటకెక్కించాలా? వద్దు. పసివాళ్లను బోర్లా పడుకోబెట్టమని స్పాక్ గారి పుస్తకమే చాలాకాలం చెప్పింది. నిద్రలో హఠాత్తుగా పోయే పసికందుల లెక్కలు తీస్తే, వెల్లకిలా పడుకోబెట్టడమే క్షేమమని తెలిసింది. 1994లో అమెరికాలో దానికోసం ప్రత్యేకంగా ప్రచారమే మొదలుపెట్టారు. ఇక్కడ తల్లి మనసు ఒక్కటే చాలదు. లెక్క కూడా కావాలి.

కాబట్టి ఎవరు సలహా చెప్పినా ఒక్క ప్రశ్న వేసుకుందాం. ఇది పరీక్షించి తేల్చిన మాటా, లేక చెప్పేవారి అభిప్రాయమా? పడక, టీకా, మందుల సంగతి డాక్టరు మాట విందాం. పాల సంగతికొస్తే, బిడ్డ కోరినప్పుడల్లా, రాత్రీ పగలూ ఇవ్వమని ప్రపంచ ఆరోగ్య సంస్థే చెబుతోంది. ఇక ఏడ్చే బిడ్డను ఎత్తుకోవడానికి మనకు ఎవరి అనుమతీ అక్కర్లేదు.