వాన లెక్కను అడగడం నేర్చుకోవాలె: మూసీ వరద నుంచి మన చేతిలో ఫోను దాకా

ఈసారి పోస్టు కొంచెం పొడుగైతది, ఓపికగా చదవండి.

వానకాలం వచ్చిందంటే మన ఊళ్లల్ల ఒక పంచాయితీ తప్పదు. "మా చేనుకు చుక్క పడలేదు" అని మనమంటం. "మీ మండలంలో సాధారణ వర్షపాతం నమోదైంది" అని కాగితం అంటది. కరువు మండలంగా ప్రకటించాలన్నా, వాతావరణ బీమా లెక్క కట్టాలన్నా చూసేది ఆ కాగితాన్నే. మన చేను చూసి ఎవరూ లెక్క కట్టరు. అందుకని ఆ కాగితం మీది అంకె ఎక్కడ పుట్టింది, ఎవరు రాసిండ్రు, దాన్ని ఎట్ల అడిగితే నిజం చెప్తది అనేది మనకు తెలిసి ఉండాలె. సికింద్రాబాద్ చుట్టుపక్కల జరిగిన చరిత్రతోనే చెప్తా.

వానను కొలవడం కొత్త పని కాదు. మన పెద్దలు పదునుతో కొలిచిండ్రు. నాగలి ఎంత లోతు దిగింది, మట్టి ముద్ద కట్టిందా లేదా చూసి విత్తనం వేసేటోళ్లు. కౌటిల్యుని అర్థశాస్త్రంలో గిన్నె పెట్టి వాన కొలిచే పద్ధతి ఉన్నది, ఏ దేశంలో ఎన్ని ద్రోణాల వాన పడుతదో కూడా రాసి ఉన్నది. ఆ దేశాల్లో అశ్మకం ఒకటి. అశ్మక రాజధాని పోదనం మన నిజామాబాద్ జిల్లా బోధనే అని చాలా మంది చరిత్రకారుల మాట. అంటే అప్పట్లోనే మన గడ్డ వానకు ఒక లెక్క ఉన్నది. రాజు దాన్ని రాయించుకున్నది పంట అంచనాకు, శిస్తుకు.

తర్వాత కాలానికి వద్దాం. 1806లో నిజాం సికందర్ జా పేరు మీద సికింద్రాబాద్ అయింది, ఇంగ్లీషు దండుకు కంటోన్మెంటు అయింది. 1864లో కలకత్తాను తుఫాను ముంచింది, 1866లో, 1871లో వానలు దగా చేసి కరువులు వచ్చినయ్. దెబ్బ మీద దెబ్బ తిన్నంక ఇంగ్లీషు సర్కారు 1875లో భారత వాతావరణ శాఖ పెట్టింది. హెన్రీ బ్లాన్‌ఫోర్డ్ దానికి మొదటి అధికారి. అంతకు ముందు కూడా అక్కడక్కడ వాన కొలిచేటోళ్లు ఉన్నరు. కాని ఒక్కొక్కరిది ఒక్కో గిన్నె, ఒక్కో పొద్దు, ఒక్కో పద్ధతి. శాఖ వచ్చినంక అందరికీ ఒకే తీరు గిన్నె, ఒకే తీరు పట్టిక అయింది. పొద్దున నిర్ణయించిన గంటకు కొలిచి, అంకెల గుర్తులుగా మార్చి తంతి కొట్టేది. ఒక ఊరి అంకెను ఇంకో ఊరి అంకె పక్కన పెట్టి చూసే వీలు అట్ల దొరికింది.

ఒక్క అంకెకు విలువ తక్కువ. "ఇయాల 40 మిల్లీమీటర్లు" అంటే వార్త. అదే గిన్నె, అదే జాగ, అదే గంట, ఏండ్ల తరబడి వరుసగా రాస్తే అది సాక్ష్యం. ఈ వరుసనే ఇప్పటి చదువుకున్నోళ్లు టైమ్ సిరీస్ అంటరు. మన భాషలో కాలక్రమ లెక్క అనుకోండి. కిరాణా దుకాణం ఖాతా పుస్తకం లాంటిది. ఒక్క పేజీ చింపితే బాకీ తేలదు.

ఇట్లాంటి లెక్కకు ఎంత బలమో 1908 సెప్టెంబరు 28 చెప్పింది. ఆ రోజు మూసీ పొంగి హైదరాబాదును ముంచింది, వేల మంది పోయిండ్రు. మరుసటి ఏడు, 1909లో, నిజాం సర్కారు మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించింది. ఆయన వచ్చి నది వెడల్పు ఒక్కటే చూడలేదు, వాన అంకెలు ముందరేసుకున్నడు. శంషాబాద్ గిన్నెలో 24 గంటల్లో 12.8 అంగుళాలు, 48 గంటల్లో 18.9 అంగుళాలు పడ్డట్టు రాసి ఉన్నది. 12.8 అంగుళాలంటే మన లెక్కల 325 మిల్లీమీటర్లు. నగరానికి ఎగువన 788 చెరువులుంటే 221 తెగినయని లెక్క తేలింది. ఒక చెరువు తెగి కింది చెరువు మీద పడ్డది, అది తెగి ఇంకోదాని మీద పడ్డది. ఇట్లాంటి లెక్కల ఆధారంగనే ఎగువన జలాశయాలు కట్టాలని ఆయన చెప్పిండు. 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ పూర్తయినయ్. శంషాబాదులో ఆ రెండు రోజులు ఎవరో ఒకాయన వానలో తడుసుకుంట పోయి గిన్నె చూసి రాయకపోతే, విశ్వేశ్వరయ్య చేతిలో ఆ అంకె ఉండేది కాదు.

అయితే ఆ రోజుల్లో లెక్క పుస్తకం కచేరీలో ఉండేది. దాన్ని అడిగే తాహతు విశ్వేశ్వరయ్య లాంటోళ్లకే ఉండేది. రైతు పోయి "మా దిక్కు ఎంత పడ్డది సారూ" అంటే పుస్తకం తెరిచేదెవరు?

ఇప్పుడు మన కండ్ల ముందటి కాలం. సికింద్రాబాదును ఆనుకొనే ఉన్న బేగంపేటలో వాతావరణ శాఖ కేంద్రం ఉన్నది. 2000 ఆగస్టు 24న అక్కడ 24 గంటల్లో 241.5 మిల్లీమీటర్లు నమోదైంది. మళ్లీ 2020 అక్టోబరు 13 రాత్రి కుంభవృష్టి పడ్డది. బేగంపేట లెక్క 191.8 మిల్లీమీటర్లు. అదే వానకు ఘట్‌కేసర్ మండలంలో ఆటోమేటిక్ యంత్రం 320 మిల్లీమీటర్లు దాటి చూపించింది. బేగంపేటకు, ఘట్‌కేసర్‌కు నడుమ ఇరవై కిలోమీటర్లు చిల్లర, అంతే. "హైదరాబాదుల ఎంత పడ్డది" అని అడిగితే 191 నిజమే, 320 కూడా నిజమే. ఏ గిన్నె అని అడగకపోతే జవాబుకు అర్థం లేదు. మన మండలం లెక్కకు, మన చేనుకు కూడా ఇదే తేడా.

ఇంకో సంగతి. ఆ 191.8 వాతావరణ శాఖ పట్టికలో 13వ తారీఖు కింద ఉండదు, 14 కింద ఉంటది. ఎందుకంటే వాళ్ల వాన దినం పొద్దున 8:30 నుంచి మరుసటి పొద్దున 8:30 దాకా. ముగిసిన రోజు తారీఖే వేస్తరు. 13 సాయంత్రం పడ్డ వానను 13 కింద వెతికితే కనపడది. "మా వాన రాయలేదు" అని లొల్లి పెట్టే ముందు పక్క తారీఖు చూడాలె.

ఇప్పుడు తెలంగాణ అంతటా అభివృద్ధి ప్రణాళికా సంస్థ వాళ్ల ఆటోమేటిక్ వాతావరణ కేంద్రాలు వెయ్యికి పైగా ఉన్నయ్. లోపల తరాజు లాగ రెండు చిన్న దొప్పలుంటయ్. ఒకటి నిండితే ఒరుగుతది, రెండోది నింపుకుంటది. ఎన్నిసార్లు ఒరిగిందో యంత్రం లెక్కపెట్టి ఫోను సిమ్ము మీద పంపుతది. మండలాల వారీగా రోజువారీ లెక్కలు తెలంగాణ ఓపెన్ డేటా పోర్టల్లో ఎవరైనా దించుకోవచ్చు. విశ్వేశ్వరయ్యకు దొరికిన పుస్తకం కన్నా పెద్ద పుస్తకం ఇప్పుడు మన జేబులున్నది.

దీన్ని అడిగే తొవ్వల్లో ఒకదాని పేరు ఏపీఐ. పేరు చూసి భయపడకండి. సికింద్రాబాద్ స్టేషన్ల రిజర్వేషన్ కౌంటరు గుర్తు తెచ్చుకోండి. లోపల ఏ కంప్యూటరున్నదో మనకు తెల్వది, తెలవాల్సిన పని లేదు. ఫారం నింపి ఇస్తం: ఏ బండి, ఏ తారీఖు, ఎక్కడి నుంచి ఎక్కడికి, ఏ క్లాసు. ఒక్క గడి తప్పు నింపితే టికెట్టు రాదు, లేకుంటే వేరే ఊరి టికెట్టు వస్తది. ఏపీఐ కూడా అట్లాంటి కిటికీనే. మన ఫోనుల వాన చూపించే యాప్‌లు వెనుక ఇట్లాంటి కిటికీలనే అడుగుతయ్. ఉదాహరణకు అమెరికా నాసా వాళ్ల 'పవర్' అనే కిటికీ పైసా ఖర్చు లేకుండ అందరికీ తెరిచి ఉన్నది. అక్షాంశం 17.44, రేఖాంశం 78.50 అని ఇస్తే సికింద్రాబాద్ అన్నట్టు. ఏ రోజు నుంచి ఏ రోజు దాకా, ఏం కావాలె అని చెప్తే, 1981 నుంచి రోజువారీ వాన వరుసగా ఇస్తది.

వాన లెక్క అడిగేటప్పుడు ఫారంలో ఈ గడులు చూసి నింపాలె.

ఒకటి, ఎక్కడిది? గిన్నె పెట్టి కొలిచినదా, ఉపగ్రహం, కంప్యూటరు కలిసి కట్టిన అంచనానా? నాసా లెక్క గడి దాదాపు 50 కిలోమీటర్ల వెడల్పు. ఏండ్లను పోల్చుకోవడానికి పనికొస్తది, నీ చేను పంచాయితీకి సాక్ష్యం కాదు.

రెండు, ఎప్పటి నుంచి ఎప్పటి దాకా, ఏ గడియారం? చాలా యంత్రాలు గ్రీనిచ్ సమయం రాస్తయ్, మన గడియారం దానికి ఐదున్నర గంటలు ముందుంటది. మనకు 14న తెల్లారుజామున 2 గంటలకు పడ్డ వాన అక్కడ 13 రాత్రి 8:30 కింద ఉంటది.

మూడు, ఎంత ముక్కలుగా? 50 మిల్లీమీటర్లు రోజంతా కురిస్తే భూమి తాగుతది. గంటలో కురిస్తే వాగుల పడి పోతది, విత్తనం కూడా కొట్టుకపోతది. రోజు లెక్కలో రెండూ ఒక్కటే. గంట లెక్క అడిగితేనే తేడా తెలుస్తది.

నాలుగు, ఎట్ల కలపాలె? వానను కూడాలె, ఎండకు సగటు తీయాలె. బోరు నీటి మట్టం ఇంకా తిరకాసు. అది నేల మీది నుంచి లోతు. అంకె పెరిగిందంటే నీళ్లు కిందికి పోయినట్టు.

ఈ నాలుగో గడి మీదనే కరువు లెక్క నడుస్తది. ఉత్తగ ఒక లెక్క అనుకుందాం. నెల సాధారణ వర్షపాతం 200 మిల్లీమీటర్లు. మొదటి రెండు రోజుల్లోనే 170 దంచికొట్టింది. మిగతా నెలంతా కలిపి 10. మొత్తం 180. సాధారణం కన్నా పది శాతమే తక్కువ, 19 శాతం దాకా సాధారణమే అంటరు. నెల లెక్క అడిగినోడికి వానలు బాగున్నట్టే. అదే అంకెలను వారం వారంగా అడిగితే, వరుసగా మూడు వారాలు సాధారణంలో సగం కూడా లేదు. కేంద్రం 2016 కరువు మాన్యువల్లో ఇట్ల మూడు నాలుగు వారాల ఎండు గడువును కూడా లెక్కలోకి తీసుకోవాలని ఉన్నది. పత్తి ఎండింది ఆ మూడు వారాల్లో. అంకెలు మారలేదు, అడిగిన తీరు మారింది. మనం అర్జీ పెట్టేటప్పుడు "వానలు లేవు సార్" అంటే "సాధారణమే" అని ఒక్క మాటతో పంపిస్తరు. "ఫలానా తారీఖు నుంచి ఫలానా తారీఖు దాకా వారాల లెక్క తీయండి" అంటే పుస్తకం తెరవాల్సిందే.

అసలు మోసం ఇంకో దగ్గర ఉన్నది, అదే సున్న. వాన పడక సున్న వచ్చిందా, యంత్రం చెడిపోయి ఖాళీ వచ్చిందా? పక్షి గూడు పెట్టినా, ఆకు అడ్డం పడ్డా, బ్యాటరీ పోయినా అంకె రాదు. మంచి పద్ధతి ఉన్నోళ్లు ఖాళీకి వేరే గుర్తు పెడతరు. నాసా వాళ్లు ఖాళీ రోజుకు మైనస్ 999 అని రాస్తరు. ఇది వాన కాదు, "మా దగ్గర లెక్క లేదు" అని చెప్పే గుర్తు. తెలువకుండా కూడితే నెల మొత్తమే మైనస్‌లోకి పోతది. ఖాళీని సున్న అని రాసినా, సున్నను ఖాళీ అని వదిలేసినా రైతుకు దెబ్బే.

రైతులకు ఇది చేతకాదు అనేటోళ్లకు మన దగ్గరే జవాబు ఉన్నది. 2003 తర్వాత ఉమ్మడి రాష్ట్రంలో ఏపీఎఫ్‌ఏఎంజీఎస్ అనే భూగర్భజల పథకం నడిచింది, ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ తోడ్పాటుతో. అనంతపురం, చిత్తూరు, కడప, కర్నూలు, ప్రకాశం, మన దిక్కు మహబూబ్‌నగర్, నల్లగొండ, ఇట్ల ఏడు జిల్లాల్లో ఆరొందలకు పైగా ఊళ్లల్ల రైతులు, ఆడోళ్లు కూడా, తామే రోజూ వాన కొలిచిండ్రు, పదిహేను రోజులకోసారి బోర్ల మట్టం కొలిచిండ్రు, గోడ మీద బోర్డుకు ఎక్కించిండ్రు. యాసంగికి ముందు ఊరంతా కూసొని ఎన్ని నీళ్లున్నయ్, ఏ పంటకు ఎన్ని కావాలె అని పద్దు వేసిండ్రు. ఎవరి మీదా హుకుం లేదు, ఎవరి పంట వాళ్ల ఇష్టం. లెక్క కండ్ల ముందు కనపడుతుంటే చాలా మంది వరి తగ్గించి తక్కువ నీళ్ల పంటలకు మళ్లిండ్రు.

కాబట్టి నా మాట ఇంతే. ఊరికొక రెయిన్ గేజ్ పెట్టుకుందాం, చెట్టుకు, గోడకు దూరంగా. రోజూ పొద్దున 8:30కే కొలిచి నోటుబుక్కుల రాద్దాం. వాన పడకపోతే సున్న రాద్దాం, కొలవని రోజు గీత పెడదాం. గుర్తుంచుకోవడానికి ఒక లెక్క: ఎకరం మీద 10 మిల్లీమీటర్లు పడ్డదంటే దాదాపు 40 వేల లీటర్లు. నెలకోసారి మన పుస్తకాన్ని మండలం యంత్రం లెక్క పక్కన పెట్టి చూద్దాం. తేడా వస్తే తారీఖుతో సహా అడుగుదాం. ఇంటర్ చదివే పిల్లలు ప్రతి ఊళ్లో ఉన్నరు, ఆ కిటికీని అడిగే పని వాళ్లకు అప్పజెప్పుదాం. ఏం అడగాలె అనేది మాత్రం మనమే చెప్పాలె, ఎందుకంటే చేను ఎప్పుడు ఎండిందో తెలిసింది మనకే.

మీ మండలం వాన యంత్రం ఎక్కడ పెట్టిండ్రో, మీ ఊరికి అది ఎన్ని కిలోమీటర్లో ముందుగాల తెలుసుకోండి. అడగడం అక్కడి నుంచే మొదలు.