కందెన గొట్టం నుంచి పంచరు కిట్టు దాకా

సెప్టెంబరు 6. మోటారు సైకిలు మీద తిరిగేవాళ్ళందరూ గుర్తుంచుకోవలసిన తేదీ అని నా నమ్మకం. దారి మధ్యలో టైరుకు గాలి పోయినా మనిషి బాగుచేసుకుని ముందుకు సాగగలడని 1891లో ఆ రోజు పారిస్‌లో మొదలైన సైకిలు పందెం లోకానికి చూపింది. చెన్నూరు నుంచి ఖాజీపేట, మైదుకూరు మీదుగా పొద్దుటూరు పోయేవాళ్ళు సీటు కింద పెట్టుకునే పంచరు కిట్టు పుట్టుక అక్కడే ఉంది.

అంతకుముందు వందల ఏళ్ళపాటు మన చక్రాలకు గాలితో పని లేదు. 1800లో దత్తమండలాలు కుంపిణీ చేతికి వచ్చి, మన్రో కలెక్టరుగా తిరిగిన నాడు కూడా పెన్న దాటినవి పెరికెద్దులూ, ఎద్దుల బండ్లే. అయినా బండివాడు ఉత్త చేతులతో బయలుదేరేవాడు కాదు. బండి కింద కందెన గొట్టం వేలాడుతూ ఉండేది. దారిలో చెడేదాన్ని దారిలోనే సరిచేసుకోవాలన్న తెలివి మనకు పాతదే.

1839లో గుడ్‌ఇయర్ రబ్బరును గంధకంతో కాచి గట్టిపరిచాడు. 1845లో స్కాట్లండు ఇంజనీరు థామ్సన్ గాలి చక్రానికి పేటెంటు తీసుకుంటే నలభై ఏళ్ళు దాన్ని పట్టించుకున్నవాళ్ళు లేరు. 1888లో బెల్‌ఫాస్టులో డన్‌లప్ అనే పశువైద్యుడు దాన్ని మళ్ళీ కనిపెట్టాడు. గాలితోపాటే పంచరూ వచ్చింది.

నాకు ఎంతో ఇష్టమైన ఘట్టం ఇక్కడే మొదలవుతుంది. 1889లో ఫ్రాన్సులోని క్లెర్మోఁ ఫెరాఁలో మిషెలిన్ అన్నదమ్ముల రబ్బరు కార్ఖానాకు గాలి పోయిన సైకిలొకటి వచ్చింది. టైరును రిమ్ముకు బంకతో అంటించి ఉంచేవారు కాబట్టి విప్పి అతకడానికి మూడు గంటలు పట్టింది. బంక ఆరడానికి ఒక రాత్రి. తెల్లవారి తమ్ముడు ఎదువార్ ఎక్కి తొక్కితే కొన్ని వందల మీటర్లకే మళ్ళీ గాలి పోయింది. ఇంకొకరైతే విసిగి వదిలేసేవారు. గాలి మీద నడిచే చక్రంలోని హాయి ఆయన మనసును పట్టేసింది. బాగుచేయడం ఎవరికైనా చేతనవ్వాలని పట్టుపట్టి, 1891 నాటికి రిమ్ము నుంచి ఊడదీయగల టైరు తయారుచేశాడు.

ఆ టైరుతోనే షార్ల్ తెరోఁ అనే సైకిలు వీరుడు మొదట చెప్పిన ఆ పందెంలో దిగాడు. పారిస్ నుంచి బ్రెస్టుకు, మళ్ళీ పారిస్‌కు సుమారు 1,200 కిలోమీటర్లు. ఆయనకు పోటీ డన్‌లప్ టైర్ల మీద వచ్చిన జియెల్ లవాల్. ఇద్దరికీ పంచర్లు పడ్డాయి, బాగుచేయడానికి గంట పట్టిన సందర్భాలూ ఉన్నాయి. అయినా గట్టి రబ్బరు చక్రాలవాళ్ళు వాళ్ళను అందుకోలేకపోయారు. మూడో రాత్రి లవాల్ నిద్రపోతుండగా తెరోఁ దాటిపోయి, 71 గంటల 22 నిమిషాల్లో గెలిచాడు. మరుసటి ఏడు మిషెలిన్లు పారిస్ నుంచి తమ ఊరికి పందెం పెట్టి, దారిలో తామే మేకులు చల్లించారు! పంచరు ఎంత తొందరగా బాగవుతుందో జనం కళ్ళారా చూడాలని వాళ్ళ పంతం. సొంత సరుకు మీద అంత నమ్మకం ఉన్న వ్యాపారులు అరుదు.

మోటారు సైకిళ్ళు వచ్చాక కథ ఒక దారిన పోలేదు. పాత బ్రిటిష్ బండ్లలో చాలావాటికి ఫ్రేముకే పంపు తగిలించి ఉండేది. 1955లో మద్రాసులో బుల్లెట్లు మొదలయ్యాయి, 1985లో హీరో హోండా వచ్చింది. రోడ్ల పక్కన పంచరు అంగళ్ళు పెరిగాయి, బండి మీది పంపు మాయమైంది. స్కూటరుకు స్టెప్నీ ఉండేది, మోటారు సైకిలుకు అదీ లేదు. ట్యూబ్‌లెస్ వచ్చాక ముల్లు దిగినా గాలి ఒక్కసారిగా పోదు, కానీ పుల్లల చక్రాల బండ్లలో చాలావాటికి ఇప్పటికీ ట్యూబే.

మన దారుల్లో కంపచెట్ల ముళ్ళు, పల్లేరుకాయలు, యర్రగుంట్ల వైపు నాపరాళ్ళ లారీలు జార్చిన చిలుపలు అన్నీ టైరుకు శత్రువులే. పగలైతే ఫరవాలేదు. పొద్దుపోయాక జమ్మలమడుగు నుంచి గండికోటకో, ముద్దనూరు నుంచి పులివెందులకో పోతూ నిలిచిపోతే ఆదుకునేది మన దగ్గరున్న సామానే. ట్యూబ్ బండికి గాలి పోయాక నడిపితే లోపల ట్యూబు జరిగి వాల్వు మొదట్లో చిరుగుతుంది. ఆపై ప్యాచీ పనిచేయదు.

అందుకే ట్యూబ్ బండి ఉన్నవాళ్ళు రెండు లివర్లు, ఒక కొత్త ట్యూబు, చక్రం నట్టుకు సరిపోయే స్పానరు పెట్టుకోండి. ట్యూబ్‌లెస్ అయితే రంధ్రాన్ని గీకే సూది, బంక పురులు చాలు. అవి చేతిలోకి వచ్చేదాకా ముల్లు పీకవద్దు. రెండింటికీ చిన్న పంపు, గాలి గేజీ కావాలి. ట్యూబుకు ప్యాచీ అతికే సొల్యూషన్ ఒకసారి మూత తీస్తే ఎండిపోతుంది, కొత్తది ఉంచుకోండి. ప్యాచీ అతికేటప్పుడు పూసిన సొల్యూషన్ తడి ఆరేదాకా ఆగండి. ఇవన్నీ కొని మూటకట్టి మరిచిపోకుండా, ఇంటి ముందరే చక్రం విప్పి ఒకసారి చేసి చూడండి. ఈ ఆదివారమే చేయండి.