లోహకవచము: పూఁతవిద్యా చరిత్రము

మహాసభా సంచికలయందు వంశచరిత్రములకును, పూర్వుల బిరుదములకును చోటు సమృద్ధిగా దొరకుచుండును. మేము మాత్రము ఈ వ్యాసమున పూర్వుల చేతిపనిని గూర్చియు, దానికి చుట్టమైన యొక క్రొత్తవిద్యను గూర్చియు ముచ్చటింపఁ దలఁచితిమి.

చిత్తూరు జిల్లా ఐరాల చుట్టుప్రక్కల చెరకు, బెల్లము తెలియనివా రుండరు. చెరకుగానుగ నెఱిఁగినవారికి మా విషయము సులభముగా బోధపడును. పూర్వము కొయ్యగానుగ లుండెను. 1870వ దశకమున బీహారునందలి బిహియాలో థామ్సన్, మిల్న్ అను ఇరువురు దొరలు ఎద్దులు త్రిప్పఁదగిన ఇనుపగానుగను చేయించిరి. ఆ రీతి గానుగలు దేశమున విరివిగా వ్యాపించెను. ఇనుము కొయ్యకంటె గట్టిదే. కాని దానికిని శత్రువు లిద్దఱు కలరు. చెరకుతో వచ్చు ఇసుక ఇరుసును ఒరసి తినును. చెరకురసము కొంచెము ఆమ్లగుణము గలది గనుక త్రుప్పు పట్టించును. బరువైన ఇరుసు చెడినదని మన మందుము గాని, నిజమునకు చెడినది దాని పైచర్మము మాత్రమే. గోటిమందము అరుగుదలకై యంత్రభాగమంతయు పాతయినుములో పడవేయుట దుబారా గాక మఱేమి?

పైచర్మమును కాపాడుట మనవారికి తెలియని సంగతి కాదు. నాఁగటికఱ్ఱు అరిగినప్పుడు కమ్మరి దాని మొనకు ఉక్కు నతికి పదును పెట్టెడివాఁడు. ఇత్తడిపాత్రలో పులుసు చిలుమెక్కకుండ నవాసాగరముతో తుడిచి తగరపుఁగళాయి పూయుదురు. తిరుమల ఆనందనిలయ విమానమునకు శ్రీకృష్ణదేవరాయలు 1518లో బంగారుపూఁత పూయించెను. అది శోభకొఱకైనను, లోపలి లోహమునకు బంగారము రక్షయు నగును. కాని కమ్మరిపనికిని, కళాయికిని వస్తువును కాల్చుట తప్పదు. నునుపుగా చిత్రికపట్టిన యంత్రపుటిరుసును కొలిమిలో పెట్టినచో వంకరపోవును. వస్తువును కాల్చకయే దానిపై లోహమును పూయుట యెట్లు?

దీనికి దారి చూపినవాఁడు స్విట్జర్లాండు దేశమున జ్యూరిచ్ నగరవాసియగు మాక్స్ ఉల్రిచ్ షూప్. ఈయన 1870లో జన్మించి 1956లో గతించెను. పిల్లలు కాల్చిన సీసపుగుండ్లు గోడకుఁ దగిలి చదునై అంటుకొనుట చూడఁగా ఆయన కీ యూహ తోఁచెనని చెప్పుదురు. కథ యెట్లున్నను, 1910 ప్రాంతమున ఆయన కరగిన లోహమును గాలిధాటికి తుంపరలుగా చిమ్మించి పూఁత వేసి చూపెను. పిమ్మట లోహపుఁదీఁగను మంటలో కరగించి చిమ్ము తుపాకి వచ్చెను. తుంపర తగిలి చల్లారుటలో వస్తువు అంతగా వేఁడెక్కదు. వంతెనల యినుమునకు జింకుపూఁత వేయుట కిది మిక్కిలి యుపకరించెను.

1950వ దశకమున అమెరికాలోని యూనియన్ కార్బైడువారు ప్రేలుడుతోనే పూఁత వేయు పద్ధతిని తెచ్చిరి. గొట్టములో ఆక్సిజను, అసిటిలీను వాయువులను నింపి నిప్పురవ్వ ముట్టింతురు. ఆ ప్రేలుడు టంగ్‌స్టన్ కార్బైడు పొడిని సెకనునకు సుమారు 800 మీటర్ల వేగమున విసరును. ఇట్లు సెకనునకు కొన్నిమార్లు జరుగును. లోపల వాయువు 3000 డిగ్రీలకు మించి కాఁగినను, వస్తువు 150 డిగ్రీలు దాటకుండ చూడవచ్చును. పూఁత దళసరి మిల్లీమీటరులో పదవవంతు మొదలు మూఁడు పదవవంతుల దాఁక నుండును. విమానయంత్రములును, ఉక్కుకర్మాగారములును దీని నాశ్రయించినవి.

ఇంతటి విద్య తెలుఁగునేలకు రాలేదని యనుకొనరాదు. హైదరాబాదు చెంత బాలాపురమున, పొడిలోహవిద్యకును నూతనపదార్థములకును ఏర్పడిన పరిశోధనాకేంద్రము ఏఆర్‌సీఐ కలదు. అచ్చటివారు ఈ ప్రేలుడుపూఁతను సాధించి, యంత్రమును పద్ధతిని పలువురు పారిశ్రామికులకు బదిలీ చేసిరి.

ఈ విద్యలో ముఖ్యరహస్యము పొడిలో లేదు, తుపాకిలో లేదు. పూఁత నిలుచుట పూయఁబడు తలమును సిద్ధపఱచుటలో నున్నది. జిడ్డు, త్రుప్పు లేకుండ తుడిచి, కరకురవ్వలతో కొట్టి గరుకు చేయనిచో ఎంత విలువైన పూఁతయైనను పెచ్చుగా ఊడిపోవును. కళాయి వేయువానికి ఈ మాట చెప్పనక్కఱలేదు. ట్రాక్టరు వచ్చి కఱ్ఱుపని తగ్గిన కొలిమియింటి బాలుఁడు లోహమును చూపుతోడనే యెఱుఁగును. వాని కీ విద్య నేర్పువా రెవరు? మహాసభ చర్చింపవలసినది ఈ ప్రశ్నయని మా యభిప్రాయము.

ప్రేలుడుతుపాకి ఐరాలవంటి యూరికి తగదు. దాని మ్రోఁత భరింపరానిది. ప్రత్యేకమైన గదియే కావలెను. తీఁగను కరగించు తుపాకి యన్ననో, రెండు వాయువుల సిలిండర్లతోడను, గాలియంత్రముతోడను పనిచేయును. అరిగిన పంపుఇరుసునకు దానితో ఉక్కుపూఁత వేసి, లేతుపై కొలఁతకు చెక్కవచ్చును. విరిగిన పండ్లచక్రమును గాని, బీఁటవాఱిన ఇరుసును గాని దానితో బాగుచేయఁబూనరాదు. పూఁత తలమును కాపాడును గాని బలము నీయదు.