గ్రివ్న శబ్దవిచారము

స్లావభాషలలోఁ దూనికను దెలుపు పదములు కొన్ని పరదేశములనుండి వచ్చినవి. రష్యనుల 'పూదు' జర్మానిక భాషల ద్వారమునఁ జేరిన లాటిను 'పొందుస్' శబ్దమే. 'గ్రివ్న' మాత్రము వారి యింటి పదము. సంస్కృతజ్ఞులకు వినినంతనే చుట్టమువలెఁ దోఁచును.

ప్రాచీన స్లావమున 'గ్రివ' యనఁగా మెడ. పిదప మెడమీఁది జూలు. దానినుండి పుట్టిన గ్రివ్నకుఁ గంఠాభరణ మని మూలార్థము. మన గ్రీవాశబ్దమే రష్యాకుఁ బోయె ననుట సాహసము. అవెస్తాలోను నీ శబ్దము కలదు. లాట్వియాభాషలో 'గ్రీవ' యనఁగా నదీముఖము. ఇన్ని శాఖలయందు వేఱువేఱర్థములతో వేళ్లూనిన పదము పంచుకొన్న సొత్తేగాని యరువుసొమ్ము కాదు.

12వ శతాబ్దారంభమున సంకలితమైన కీవు వృత్తాంతగ్రంథమున రెండర్థములును గలవు. 1015వ సంవత్సర వృత్తాంతములో, రాజకుమారుఁడగు బోరిసును జంపినవా రతని సేవకుఁడైన గెయోర్గి యను హంగేరీయుని గూడఁ జంపిరి. ప్రభువు వాని మెడ నలంకరించిన స్వర్ణగ్రివ్నను వెంటనే యూడఁదీయలేక తల నఱికి తీసికొనిరఁట. ఇది నిస్సందేహముగా నాభరణము. అందే 882వ సంవత్సరమున ఓలెగు నొవ్‌గొరోదుపై నేఁటేఁట 300 గ్రివ్నల పన్ను విధించె నని కలదు, ఇది ధనపరిమాణము.

ఆభరణము తూనిక యగుట మనకుఁ గ్రొత్త కాదు. ఋగ్వేదమున 'నిష్కగ్రీవ' పదము కలదు. అందు నిష్కము మెడసొమ్ము. పాణిని యా శబ్దమును మూల్యప్రకరణమునఁ జేర్చెను. మనువు నాలుగు సువర్ణములు నిష్క మనెను. గ్రీవాశబ్దమునుండి పాణిని సాధించిన 'గ్రైవేయకము' నగగానే నిలిచినది. మనకు రెండు పదములు పంచుకొన్న పనిని స్లావులకు గ్రివ్న యొక్కటియే చేసినది. (మన కాసులపేరు త్రోవ వేఱు, అందు నాణెమే నగ యైనది.)

కీవు వెండిగ్రివ్న షట్కోణాకృతి, సుమారు 160 గ్రాములు. నొవ్‌గొరోదుది కడ్డీ, సుమారు 204 గ్రాములు. 'రష్యాధర్మము' స్వతంత్రుని వధకు 40, రాజపురుషుని వధకు 80 గ్రివ్నలు దండువు విధించినది. తరువాత 'నఱకు' అను ధాతువునుండి వచ్చిన రూబులు దాని స్థానము నాక్రమించెను. రష్యాలో 10 కోపెకుల నాణెమునకు 'గ్రివెన్నికు' అను పేరు మిగిలినది. ఉక్రెయినులో 'హ్రివ్న్య' 1996లో మరల జాతీయనాణ్య మయ్యెను.