మోతాదు

వడ్డేపల్లిలో మందులకొట్టు ముందు నిలిచి చీటీ చాపి ‘మోతాదెంత?’ అని అడుగువాడు, తన నోట వచ్చినది అరబ్బీ ‘ముఅతాద్’ అనియు, అది పారసీక, ఉర్దూల మీదుగా తెలుగునకు దిగినదనియు ఊహింపడు. అరబ్బీలో దాని కర్థము ‘అలవాటైనది’. అనగా మోతాదు వాడుకచే స్థిరపడిన కొలతయే కాని మనిషిని చూచి నిర్ణయించినది కాదు. (మన ‘మాత్ర’ మాత్రము? అదియు మొదట కొలతయై, పిమ్మట బిళ్ళయైనది.)

వాడుకచే స్థిరపడిన ఈ మోతాదునకు లొంగనివారు మన నడుమనే కలరు. శస్త్రచికిత్సకు ముందు శ్వాసనాళమున గొట్టము దింపుటకై కండరములను సడలించు సక్సినైల్‌కోలిన్ ప్రభావము, రక్తములోని బ్యూటిరైల్‌కోలినెస్టరేజ్ అను ఎంజైము ఆ మందును ఛేదించుటచే, సామాన్యునికి కొద్ది నిమిషములలో తీఱిపోవును. ఆర్యవైశ్యులలో కొందఱికి, బీసీహెచ్ఈ జన్యువున వచ్చిన మార్పుచే ఎంజైమునందలి ఆమైనో ఆమ్లముల వరుసలో 307వ స్థానమున ల్యూసిన్‌కు మాఱుగా ప్రోలీన్ చేరి, ఆ ఎంజైము కొఱవడుటవలన, అదే మోతాదు గంటల తరబడి ఊపిరిని స్తంభింపజేయును. అంతసేపును యంత్రమే శ్వాస నడపవలయును. ఈ లోపము ఆర్యవైశ్యులలో ఇతరులకంటె సుమారు 100 రెట్లు అధికమని హైదరాబాదులోని సీసీఎంబీ పరిశోధనసంస్థకు చెందిన తంగరాజ్ ప్రభృతులు 2017లో పేర్కొనిరి. తరతరములుగా తమలో తామే పెండ్లాడుట దీనికి మూలము. జన్యుపరీక్షయో, కనీసము ఎంజైము రక్తపరీక్షయో ముందుగా జరిగినచో మత్తువైద్యుడు రోక్యురోనియం వంటి వేఱొక మందును చేపట్టును.